పదమూడు ముక్కల రమ్మీ: చేతి కూర్పు, ఎత్తుగడలు

పదమూడు ముక్కల రమ్మీ తెలుగునాట అన్నిటికన్నా ఎక్కువగా ఆడే పేకాట. పెళ్లి విడిదిలో, రైలు పెట్టెలో, క్లబ్బు గదిలో ఎక్కడ నలుగురు చేరినా మొదలవుతుంది; ‘చతుర్ముఖ పారాయణం’ అని ఇంట్లోవాళ్లు వెక్కిరించేది చాలాసార్లు దీన్నే. హైదరాబాద్ ఉత్తర శివార్లలో, నాగపూర్ దారిలో ఉన్న మేడ్చల్‌కూ కరీంనగర్ వెళ్లే రాజీవ్ రహదారి పక్కనున్న శామీర్‌పేటకూ మధ్య ఇది ఫాంహౌస్ ఆటగా పేరుపడింది. పేకాట స్థావరంపై దాడి అనే వార్త ఈ మండలాల నుంచి తరచూ వస్తుంటుంది. రమ్మీ అదృష్టమా, నేర్పా అన్న ప్రశ్నను సుప్రీంకోర్టు దాకా తీసుకెళ్లిన కేసు కూడా ఇక్కడికి దగ్గర్లోని సికింద్రాబాద్‌లోనే పుట్టింది.

ఆట తీరు

రెండు పేకలు, ఒక్కో పేకకు ఒక జోకర్ కలిపి ఇద్దరి నుంచి ఆరుగురి దాకా ఆడతారు. తలా 13 ముక్కలు పంచాక, మిగిలిన కట్టలోంచి ఒక ముక్క తిప్పి పెడతారు. ఆ అంకెగల ముక్కలన్నీ ఆ చేతికి జోకర్లే. వంతు వచ్చినప్పుడు కట్టలోంచి గానీ, ముందువాడు పడేసింది గానీ ఒకటి ఎత్తి, చేతిలోది ఒకటి పడేయాలి. 13 ముక్కలూ వరుసలుగా (ఒకే రంగులో వరస అంకెలు), సెట్లుగా (ఒకే అంకె, వేర్వేరు రంగులు) కుదిరినవాడు షో చేస్తాడు. కనీసం రెండు వరుసలు ఉండాలి, అందులో ఒకటి జోకర్ సాయం లేనిదై ఉండాలి. ఆ వరుసనే లైఫ్ అంటారు. ఆసు, రాజు, రాణి, జాకీలకు తలా 10 పాయింట్లు. మిగతావాటికి అంకె ఎంతో అంత. ఓడినవాడి పేరున కుదరని ముక్కల పాయింట్లు పడతాయి. లైఫ్ లేకపోతే చేతిలో ఉన్నదంతా లెక్కే, 80 దాటితే 80 దగ్గర ఆపుతారు. దాన్నే ఫుల్ కౌంట్ అంటారు.

చేతి కూర్పు

చెయ్యి చూడగానే మొదట వెతకాల్సింది లైఫ్‌ను, జోకర్లను కాదు. కొత్తవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. మూడు జోకర్లు వచ్చాయని మురిసిపోయి, లైఫ్ కుదరక, ఎదుటివాడి షోకి ఫుల్ కౌంట్ ఇచ్చుకునేవాళ్లు ప్రతి బల్ల దగ్గరా కనిపిస్తారు. జోకర్ల లెక్క కూడా తెలిసి ఉండాలి. తిప్పి పెట్టిన ముక్క పోగా ఆ అంకెవి ఏడు, అచ్చు జోకర్లు రెండు, మొత్తం 9 ఉంటాయి. ఆటలోని ముక్కలు 105. అంటే సగటున చేతికి ఒకటి కన్నా కాస్త ఎక్కువ. అసలు ఒక్క జోకరూ రాని చెయ్యి దాదాపు 29 శాతం సార్లు పడుతుంది. కాబట్టి జోకర్ లేదని చెయ్యి వదిలేయనక్కర్లేదు, ఒకటి వచ్చిందని పొంగిపోనక్కర్లేదు.

ఒక చెయ్యి తీసుకుందాం. తిప్పిన ముక్క రాణి. చేతిలో ఉన్నవి: కళావరు పది, జాకీ, రాణి, ఆటీన్ ఆరు, ఏడు, ఇస్పేటు ఏడు, డైమన్ రెండు, మూడు, ఇస్పేటు రాజు, ఆటీన్ ఆసు, జాకీ, డైమన్ తొమ్మిది, ఇస్పేటు నాలుగు. ఇందులో కళావరు రాణి జోకరే. అయినా పది, జాకీల పక్కన తన చోట తాను కూర్చుంది గనుక ఆ మూడూ లైఫ్ కిందికి వస్తాయి. ఆ రాణిని తీసి వేరేచోట జోకర్‌గా పెట్టాలన్న ఆశ పుడుతుంది. పెడితే ఉన్న లైఫ్ పోతుంది.

ఇక ఆటీన్ ఆరు, ఏడు, ఇస్పేటు ఏడు. ఈ మూడింటి బలం చూడగానే తెలియదు. ఆటీన్ ఐదు వచ్చినా, ఎనిమిది వచ్చినా వరుస. కళావరు ఏడు, డైమన్ ఏడులలో ఏది వచ్చినా సెట్టు. ఒక్కోటి రెండేసి చొప్పున ఎనిమిది ముక్కల కోసం ఎదురుచూడొచ్చు. అదే ఆటీన్ ఆరు, ఎనిమిది పట్టుకుని కూర్చుంటే ఆటీన్ ఏళ్లు రెండే దిక్కు. మధ్య ముక్క కోసం కాచుకోవడం ఖరీదైన అలవాటు. ఆసు, రెండు పట్టుకున్నా అంతే, మూడు వస్తే తప్ప గతి లేదు. నాలుగు మొదలు పది దాకా ఉన్న ముక్కలకు రెండు వైపులా దారి తెరిచి ఉంటుంది; పైగా పాయింట్ల భారం బొమ్మలకన్నా తక్కువ.

అందుకే ఈ చేతిలో ముందు పోవాల్సినవి ఇస్పేటు రాజు, ఆటీన్ ఆసు, ఆటీన్ జాకీ. లైఫ్ పక్కన పెడితే మిగతా పది ముక్కల బరువు 68. ఈ మూడే అందులో 30. వాటి చోట చిన్న ముక్కలు వస్తే ఎవరైనా తొందరగా షో చేసినా దెబ్బ బాగా తగ్గుతుంది.

ముందు ఏది పడేయాలన్నది కింద కూర్చున్నవాణ్ణి బట్టి తేలుతుంది. పడేసిన ముక్కను ఎత్తుకునే అవకాశం తర్వాతి చేతివాడికి మాత్రమే ఉంటుంది. వాడు ఇంతకుముందు వేరే రాజును పడేసి ఉంటే ఇస్పేటు రాజు కాస్త నిర్భయంగా పోవచ్చు. వాడు ఆటీన్ పది ఎత్తుకుని ఉంటే ఆటీన్ జాకీ ఎంత బరువైనా చేతిలో ఉండాల్సిందే. పడిపోయిన ముక్కలను గుర్తుపెట్టుకోవడం ఇక్కడ పనికొస్తుంది. డైమన్ నాలుగులు రెండూ పడిపోయాక డైమన్ రెండు, మూడు పట్టుకోవడం అంటే ఆసు కోసమే కాచుకోవడం. ఎర వేయడం మరో ఎత్తు: చేతిలో ఏళ్లు పెట్టుకుని, తన వరుసకు అక్కర్లేని ఏడునే ఒకటి పడేస్తే, ఏళ్లతో పని లేదనుకుని పైనున్నవాడు తన ఏడు వదులుతాడు. ఒకే బల్ల మీద ఏళ్ల తరబడి ఆడేవాళ్ల దగ్గర ఈ ఎర రెండోసారి పారదు.

డ్రాప్

ఆరుగురు ఆడితే సగటున ఆరు చేతుల్లో ఐదు ఓడేవే. రమ్మీ వ్యూహంలో పెద్ద భాగం ఆ ఐదు చేతుల్ని చవగ్గా వదిలించుకోవడంలో ఉంది. షో కొట్టడం అందరి కళ్లకూ కనబడుతుంది. తక్కువకు ఓడటం ఎవరికీ కనబడదు, అందుకే దాన్ని ఎవరూ మెచ్చుకోరు. పాయింట్ల ఆటలో ఒక్క ముక్కా ఎత్తకముందే తప్పుకుంటే, అంటే డ్రాప్ చేస్తే, 20, ఆట మధ్యలో అయితే 40. లైఫ్ ఆశ లేక, జోకర్ లేక, బొమ్మలు ఐదారు పడిన చెయ్యికి 20 ఇచ్చి లేచిపోవడమే లాభం. రెండు మూడు రౌండ్లు చూసి తేల్చుకుందామనే వాడు ఆ చూపుకు అదనంగా ఇరవై కడుతున్నాడు. 101 లేదా 201 చేరినవాడు బయటికిపోయే పూల్ ఆటలో లెక్క మారుతుంది: గడువుకు దగ్గరపడ్డవాడికి డ్రాప్ కూడా అందుబాటులో ఉండదు, ఎంత చెత్త చెయ్యయినా ఆడి తీరాలి. మిగిలినవాళ్లు ఆ సంగతి ఎరిగి బరువు ముక్కలు దాచుకోకుండా చకచకా ఆడతారు.

పేక కట్టుకుని వచ్చే ఆటలు

రమ్మీలో పేక అందరికీ ఒకటే. కూర్పు మొత్తం చేతిలోనే, ఆట నడుస్తుండగానే జరగాలి. అమెరికాలో 1990లలో వచ్చిన సేకరణ కార్డుల ఆటల్లో ఇది తలకిందులు. రిచర్డ్ గార్ఫీల్డ్ రూపొందించగా 1994లో జిహాద్ పేరుతో వచ్చి, మరుసటి ఏడు వ్యాంపైర్: ది ఎటర్నల్ స్ట్రగుల్‌గా పేరు మారిన రక్తపిశాచుల ఆటలో ఎవరి పేక వారు ఇంటి దగ్గరే కట్టుకుని వస్తారు. కనీసం 12 మంది పిశాచాలతో ఒక కట్ట, 60 నుంచి 90 కార్డులతో మరొకటి. ఒకే కార్డు ఎన్ని ప్రతులైనా పెట్టుకోవచ్చు. ఎవరి ఖాతా అయినా 30తో మొదలవుతుంది, అది సున్నాకు వస్తే ఆట నుంచి అవుట్. ఎడమ పక్కవాడు వేట, కుడి పక్కవాడు వేటగాడు. పక్కవాడి మీదే కన్నేయాలన్న ఈ నియమం రమ్మీ ఆడినవాళ్లకు కొత్తేమీ కాదు. తేడా అల్లా, అక్కడ చెడు చెయ్యి వస్తే పేక కట్టుకున్నవాడిదీ తప్పే. రమ్మీలో పంపకాన్ని తిట్టుకోవచ్చు.

సికింద్రాబాద్ కేసు

1963లో సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు మీద పోలీసులు దాడిచేసి, పందెం పెట్టి రమ్మీ ఆడుతున్నవారిని, క్లబ్బు కార్యదర్శి కె.సత్యనారాయణనూ నిజాం కాలపు హైదరాబాద్ జూద చట్టం కింద పట్టుకున్నారు. కింది కోర్టు శిక్ష వేసింది, హైకోర్టు కొట్టేసింది, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1967 నవంబరు 22న జస్టిస్ హిదయతుల్లా ఇచ్చిన తీర్పు హైకోర్టు వైపే నిలిచింది. మూడు ముక్కలాటలా ఇది కేవలం అదృష్టం కాదని, పడిన ముక్కలు గుర్తుంచుకోవాలని, ఏది ఉంచుకోవాలో ఏది పడేయాలో తెలియాలని, పంపకంలో ఉండే అదృష్టం బ్రిడ్జిలో కూడా ఉంటుందని అందులో ఉంది. డ్రాప్ గురించి తీర్పు మాట్లాడలేదు. నిజానికి నేర్పుకు అంతకన్నా గట్టి సాక్ష్యం లేదు. అయితే తీర్పు ఒక మెలిక మిగిల్చింది: ఆడించేవాడు ఆట మీద లాభం గుంజుతున్నట్టు రుజువైతే సంగతి వేరు. న్యాయవిద్యకు పేరున్న నల్సార్ విశ్వవిద్యాలయం దాడుల వార్తలు వచ్చే శామీర్‌పేటలోనే ఉండటం ఒక తమాషా.

శివార్లలో ఆట

అవుటర్ రింగ్ రోడ్డు మేడ్చల్‌ను, శామీర్‌పేటను రెంటినీ తాకుతూ పోతుంది. నగరంలో ఎక్కడి నుంచి బయల్దేరినా తేలిగ్గా చేరే దూరం, చుట్టూ ప్రహరీ, లోపల మామిడి చెట్లు, పక్కింటి కళ్లు లేవు: పందెం రాయుళ్లకు ఇంతకన్నా అనువైన చోటు దొరకదు. నగరంలోని క్లబ్బుల పేక గదుల మీద నిఘా పెరిగే కొద్దీ ఆట ఇటువైపు జరిగింది. ఫాంహౌస్‌లో ఆడించేవాడు గంటకింతనో, ఆటకింతనో వసూలు చేయడం మామూలు. సుప్రీంకోర్టు వదిలిన మెలిక అచ్చంగా ఇక్కడ బిగుసుకుంటుంది.

చట్టం తర్వాత మరింత బిగిసింది. 2017లో తెలంగాణ ప్రభుత్వం జూద చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ పందేలను కూడా అందులోకి తెచ్చింది. కొంత నేర్పు, కొంత అదృష్టం కలిసిన రమ్మీని నేర్పు ఆటగా లెక్కించబోమని ఆర్డినెన్సులోనే రాసింది. రమ్మీ వెబ్‌సైట్లు రాష్ట్రంలో పందెం ఆటలు ఆపేశాయి. మూడేళ్లకు ఆంధ్రప్రదేశ్ అదే బాట పట్టింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం నేర్పు, అదృష్టం అన్న తేడానే పక్కన పెట్టి, ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటలన్నిటినీ దేశమంతటా నిషేధించింది. డబ్బు లేకుండా, పాయింట్లు కాగితం మీద రాసుకుని ఆడే రమ్మీకి ఏ చట్టమూ అడ్డు రాదు.