పుంగనూరు దారి, కీళచ్చేరి బడి

కాథలిక్ మతం తెలుగు ఇళ్ళలో తొలుత అడుగుపెట్టిన చోట్లలో పుంగనూరు ఒకటి. 1688లో సయాంలో రాజ్యం తారుమారయ్యాక అక్కడ నిలవలేక వచ్చేసిన ఫ్రెంచి జెస్విట్లు పుదుచ్చేరిలో చేరారు. 1700 దాటాక వాళ్ళలో కొందరు కనుమలెక్కి తెలుగు సీమవైపు కదిలారు. మొదూయి, బూషే, ద లా ఫొంతేన్, ల గాక్ వంటి గురువులు నడిపిన ఈ ప్రయత్నాన్ని కర్ణాటక మిషన్ అంటారు. పుంగనూరు అప్పుడు పాళెగాళ్ళ ఏలుబడిలో ఉన్న పీఠభూమి పట్టణం. ద లా ఫొంతేన్ అక్కడ నివాసం ఏర్పరచుకున్నారు. అక్కడి నుంచి మిషన్ చిక్కబళ్ళాపురం వైపూ, అనంతపురం సీమలోని మడిగుబ్బ, కృష్ణాపురం వైపూ పాకింది.

ఈ గురువులు పరంగి వేషంలో రాలేదు. మదురైలో 1606 నుంచి రాబర్ట్ ద నొబిలి నడిచిన దారినే పట్టారు. కాషాయం కట్టారు, మాంసం మానారు, సన్యాసుల్లా ఒంటిపూట తిన్నారు, తెలుగూ సంస్కృతమూ నేర్చుకున్నారు. ఊరి జనం కంటికి వాళ్ళు దూరదేశం నుంచి వచ్చిన సన్యాసులు. ఆ గౌరవం వల్ల మగవాళ్ళతో మాట సాగింది. కానీ సన్యాసి వంటింటి గడప దాటలేడు, పరాయి ఆడవాళ్ళను ఎదురుగా కూర్చోబెట్టుకుని చదువు చెప్పలేడు. అందువల్ల మంత్రాలు, జపాలు ఇంటి లోపలికి చేరడానికి ఇంటి మనుషులే దారి అయ్యారు. ఉపదేశి దగ్గర భర్త విన్నది భార్యకు చేరింది, అత్త నోటికి వచ్చిన జపం కోడలికి వచ్చింది. ఉత్తరాలు రాసిన గురువుల పేర్లు చరిత్ర పుస్తకాల్లో నిలిచాయి. ఆ జపాలను పిల్లల నోట పలికించిన తల్లుల పేర్లు నిలవలేదు. ఇంట్లో మతం నిలబడిందంటే మాత్రం వాళ్ళ వల్లే.

అప్పటి కాథలిక్ ఇల్లాలి జీవితం ఎలా ఉండేదో తెలుసుకోవడానికి ఒక వింత ఆధారం ఉంది. అది ఒక నిషేధాల జాబితా. పోపు ప్రతినిధి తూర్నోన్ 1704 జూన్‌లో పుదుచ్చేరిలో ఒక ఆజ్ఞాపత్రం వెలువరించాడు. జెస్విట్లు ఇక్కడి ఆచారాలకు మరీ ఎక్కువ చోటిచ్చారన్నది అందులోని అభియోగం. వద్దన్న వాటిని వరసగా చదివితే ఒక తెలుగు, తమిళ ఆడపిల్ల బతుకంతా కళ్ళముందు నడుస్తుంది. పసితనంలోనే పెళ్ళి వద్దు. వినాయకుడి బొమ్మ ఉన్న తాళి వద్దు. నూటెనిమిది పోగుల పసుపుతాడు వద్దు. పెళ్ళిలో కొబ్బరికాయ పగిలిన తీరును బట్టి శుభాశుభాలు చూడొద్దు. వధూవరులకు దిష్టి తీయొద్దు. పిల్ల పెద్దమనిషి అయితే ఊరంతా పిలిచి వేడుక చేయొద్దు. నెలసరిలో ఉన్న స్త్రీని గుడికీ పాపసంకీర్తనానికీ రానీయకుండా ఆపొద్దు.

ఈ చివరి మాట దగ్గర కొంచెం ఆగాలి. రోము నుంచి వచ్చిన ఆ అధికారికి ఇక్కడి జీవితం తెలియదు, చాలా విషయాల్లో ఆయన తీర్పు మొరటుగానే ఉంది. అయినా ముట్టు పేరుతో ఆడవాళ్ళను గుడి బయట నిలబెట్టకూడదన్న మాట 1704లోనే కాగితం మీదికి ఎక్కింది. జబ్బుపడిన దళితుల ఇళ్ళకు గురువులు వెళ్ళి తీరాలన్న మాట కూడా అదే పత్రంలో ఉంది. అగ్రకులాల వాళ్ళు దూరమవుతారన్న భయంతో గురువులు ఆ గుమ్మాలు తొక్కడానికి వెనుకాడిన కాలమది. ఆచారాల మీద వాదం నలభై ఏళ్ళు సాగింది. 1744లో పద్నాలుగో బెనెడిక్ట్ పోపు తుది ఉత్తర్వుతో అది ముగిసింది. తాళి మాత్రం పోలేదు. బొమ్మ మారింది, అంతే. వినాయకుడి చోట సిలువో, మరియమాత రూపమో వచ్చింది. రాయలసీమ కాథలిక్ ఇల్లాళ్ళ మెడలోని సిలువ తాళికి మూలం ఈ సర్దుబాటులోనే ఉంది.

పేర్లలోనూ ఇలాంటి సర్దుబాటే జరిగింది. జ్ఞానస్నానంలో పునీతుల పేరే పెట్టాలన్నది నియమం. ఆ పేర్లు ఇక్కడి నోటికి లొంగే రూపాన్ని అంతకుముందే తమిళ సీమ జెస్విట్లు తయారుచేసి ఉంచారు. పేతురు రాయప్ప అయ్యాడు. లాటిన్‌లో పౌలు అంటే చిన్నవాడని అర్థం కాబట్టి ఆయన చిన్నప్ప అయ్యాడు. యోహాను అరుళప్ప, ఇగ్నేషియస్ ఇన్నాసి, జేవియర్ శౌరి, యోసేపు సూసయ్య. ఆడపిల్లలకు మరియమ్మ, అన్నమ్మ, ఆరోగ్యమ్మ, జ్ఞానమ్మ. గుంటూరు జిల్లాలో ఇన్నారెడ్డి, శౌరిరెడ్డి, చిన్నపరెడ్డి అన్న పేర్లు వినబడితే, ఆ ఇంటి వెనుక దక్షిణం నుంచి సాగివచ్చిన ఒక పాత దారి ఉందని అనుకోవచ్చు. శాసనాల్లో లేని వలస చరిత్ర ఇలా పిలుపుల్లో దాగి ఉంది.

ఆ వలసకు కారణాలు సీమ చరిత్రలోనే ఉన్నాయి. 1740 మే 20న మరాఠా సేనలు దామలచెరువు కనుమలో ఆర్కాటు నవాబు దోస్త్ అలీ ఖాన్‌ను చంపి కిందికి దిగాయి. ఆ దామలచెరువు ఇప్పటి తిరుపతి జిల్లా పాకాల మండలంలో ఉంది. అటుపైన నవాబుల వారసత్వ తగాదాలు, ఆంగ్ల ఫ్రెంచి యుద్ధాలు, హైదర్ అలీ దండయాత్రలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. 1782 డిసెంబరు 7న హైదర్ చనిపోయింది కూడా చిత్తూరు దగ్గరి నరసింగరాయనిపేట దండులోనే. దండు నడిచిన దారిలో పంట దక్కదు, పశువు దక్కదు. పైగా సీమకు కరువులు కొత్త కాదు. కాథలిక్ రెడ్ల కుటుంబాలు కొన్ని పద్దెనిమిదో శతాబ్దంలో ఎడ్లబండ్లు కట్టుకుని తూర్పుకు కదిలాయి. కొన్ని కృష్ణ దక్షిణపు ఒడ్డున గుంటూరు సీమ చేరి ఫిరంగిపురం, ముట్లూరు, రెంటచింతల వంటి ఊళ్ళలో స్థిరపడ్డాయి. తెలుగు రెడ్ల మరో పాయ చెన్నపట్నం వైపున, తిరువళ్ళూరు దగ్గరి కీళచ్చేరిలో నిలిచింది.

వలస వెళ్ళిన చోట గురువు లేడు. పోర్చుగల్, ఫ్రాన్సు రాజ్యాలు ముందుగానే జెస్విట్లను వెళ్ళగొట్టాయి. 1773లో పోపు ఆ సంఘాన్నే రద్దుచేశాడు. 1776లో పారిస్ విదేశీ మిషన్ల గురువులు పుదుచ్చేరి బాధ్యత తీసుకున్నా, ఉన్న కొద్దిమంది అంత పెద్ద సీమకు చాలలేదు. గురువు కనబడని కాలంలో ఇంటి జపమే ఆ కుటుంబాల దివ్యపూజ. జపమాల చదవడానికి గురువు అక్కర్లేదు, అక్షరం రావలసిన పని కూడా లేదు, నోటికి వస్తే చాలు. ఈ సంగతే తర్వాతి కథకు కీలకం. ఎందుకంటే నోటికి వస్తే చాలదని, అక్షరం కూడా రావాలని అనుకున్న స్త్రీ ఆ కుటుంబాల్లోనే పుట్టింది.

జ్ఞానమ్మ 1822లో ఫిరంగిపురంలో పుట్టింది. ఆమెకు పదేళ్ళు వచ్చేసరికి గుంటూరు సీమను నందన కరువు కమ్మింది. 1832, 33 సంవత్సరాల ఆ కరువులో ఆ సీమ జనంలో సుమారు మూడోవంతు చనిపోయారని లెక్క. ఎండిన చెరువులు, దారిపక్క శవాలు, అనాథలైన పిల్లలు ఉన్న లోకంలో ఆమె బాల్యం గడిచింది. ఆనాటి ఆడపిల్లలందరిలాగే చిన్నవయసులో పెళ్ళి, కాపురం, కొడుకులు. తర్వాత వైధవ్యం. ఆమె బతుకు ఫిరంగిపురం నుంచి కీళచ్చేరికి మారింది. కాపురానికి వెళ్ళే ఆడపిల్ల ప్రయాణాన్ని ఎవరూ ప్రయాణంగా లెక్కపెట్టరు. కానీ ఒక ఊరి జపాలు, వంటలు, పాటలు, పండుగ పద్ధతులు మరో ఊరు చేరింది ఎక్కువగా ఆ ప్రయాణాల్లోనే.

వితంతువుకు ఇంటి మూలే చోటు అనుకునే రోజులవి. వితంతు వివాహ చట్టం 1856లో వచ్చినా, చట్టం ఊళ్ళను అంత తొందరగా మార్చదు. కాథలిక్ కుటుంబాలు మతం మార్చుకున్నా, కులం మర్యాదలను మాత్రం చాలావరకు అలాగే ఉంచుకున్నాయి. అటువంటి ఇంట్లో ఉండి జ్ఞానమ్మ 1863లో కీళచ్చేరిలో ఆడపిల్లల కోసం బడి తెరిచింది. పిల్లలను కూర్చోబెట్టి అక్షరాలు, జపాలు, ఇంటిపనులు నేర్పింది. దిక్కులేని పిల్లలను, వితంతువులను దగ్గరకు తీసింది. చెన్నపట్నంలో అప్పటికే ఐరిష్ కన్యస్త్రీలు ఉన్నారు. ప్రెజెంటేషన్ సభ వాళ్ళు 1842లోనే వచ్చి బడులు నడుపుతున్నారు. కానీ వాళ్ళ భాష ఇంగ్లీషు, వాళ్ళ ముందు కూర్చున్నది ఎక్కువగా పట్నం పిల్లలు. పల్లె పిల్లకు, పల్లె తల్లి, ఆమె మాటలోనే చెప్పే చదువు కీళచ్చేరిలో మొదలైంది.

తెలుగులో స్త్రీవిద్య చరిత్ర అనగానే కందుకూరి వీరేశలింగం పేరు వస్తుంది, రావలసిందే. ఆయన ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టింది 1874లో. అదే సంవత్సరం డిసెంబరు 21న జ్ఞానమ్మ కన్నుమూసింది. అప్పటికి ఆమె బడి వయసు పదకొండేళ్ళు. చదువుకున్న పెద్దమనుషుల అండ, పత్రికల ప్రచారం లేకుండా, కొడుకులను పెంచుకుంటూ ఒక వితంతువు ఈ పని చేసింది. బడి ఉన్న ఊరు తర్వాత తమిళనాడులో ఉండిపోవడం వల్లో, మతసంస్థ చరిత్రగా మాత్రమే చూడటం వల్లో తెలుగు పాఠ్యపుస్తకాల్లో ఆమెకు చోటు దక్కలేదు. సావిత్రీబాయి ఫూలేను తలచుకునే చోట ఈమెనూ తలచుకోవాలి.

ఆమె చుట్టూ చేరిన స్త్రీల నుంచి పునీత అన్నమ్మ పేరిట కన్యస్త్రీల సభలు ఏర్పడ్డాయి. మద్రాసు సభ, ఫిరంగిపురం సభ రెండూ ఆమెనే తమ స్థాపకురాలిగా చెప్పుకుంటాయి. మరియమాతకు తల్లి అయిన అన్నమ్మను పాలకురాలిగా ఎంచుకోవడంలో ఒక ఔచిత్యం ఉంది. బిడ్డకు చదువు నేర్పుతున్న తల్లిగా అన్నమ్మను చిత్రించడం కాథలిక్ సంప్రదాయంలో పాత అలవాటు. కొడుకులను కని పెంచిన స్త్రీ కన్యస్త్రీల సభలకు మూలం కావడం అరుదైన విషయమే. కాథలిక్ సభ ఆమెను దైవసేవకురాలిగా గుర్తించింది. పునీత పదవికి వెళ్ళే మెట్లలో ఇది మొదటిది.

ఆ రోజుల్లో ప్రయాణాలూ మారుతున్నాయి. మద్రాసు రాయపురం నుంచి వాలాజా రోడ్డు దాకా దక్షిణాదిలోని తొలి రైలుమార్గం 1856 జులై 1న మొదలైంది. అది తిరువళ్ళూరు, అరక్కోణం మీదుగానే పోతుంది. అరక్కోణం నుంచి పుత్తూరు, రేణిగుంట మీదుగా కడప వైపు కొద్ది ఏళ్ళలోనే మరో మార్గం వేశారు. ఒకప్పుడు బండి కట్టి వారాల తరబడి సాగిన దారి రోజుల్లోకి వచ్చింది. మద్రాసు మఠం నుంచి ఒక కన్యస్త్రీ సీమ పల్లెకు వచ్చి, పండుగకు మళ్ళీ తిరిగి వెళ్ళడం సాధ్యమైంది.

1875 నుంచి మిల్ హిల్ గురువులు తెలుగు మిషన్లలో పని మొదలుపెట్టారు. మరుసటి ఏడే ధాతు కరువు వచ్చింది. 1876 నుంచి 78 దాకా సీమను ఊడ్చేసిన ఆ కరువు తర్వాత మతం పుచ్చుకున్న వాళ్ళలో దళితులే ఎక్కువ. పుంగనూరు నాటి కులాల లెక్క తిరగబడింది. చిత్తూరు ప్రాంతంలో అమెరికన్ ఆర్కాటు మిషన్ వంటి ప్రొటెస్టెంటు సంస్థలు బలంగా ఉన్నందువల్ల కాథలిక్కులు చిన్న సంఖ్యలోనే ఉండిపోయారు. ఊళ్ళో జనం వాళ్ళను ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్ మిషన్) వాళ్ళని వేరుగా గుర్తుపట్టారు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడింది. 1928లో నెల్లూరు పీఠం మద్రాసు నుంచి విడివడింది. 1976 అక్టోబరులో ఏర్పడిన కడప పీఠం పరిధిలోకి చిత్తూరు జిల్లా వచ్చింది. 2008 నుంచి 2020 దాకా పొరుగున ఉన్న కర్నూలు పీఠానికి బిషప్పుగా ఉన్న పూల అంతోని 2022లో కార్డినల్ అయ్యారు. ఆ పదవి అందుకున్న తొలి తెలుగువాడు, తొలి దళితుడు ఆయనే.

సరిహద్దు గీతలూ మారాయి. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి పోయింది, సత్యవేడు వైపు ఊళ్ళు ఇటు వచ్చాయి. చుట్టరికాలు, పెళ్ళిళ్ళు, పండుగ పిలుపులు మాత్రం ఆ గీత మీదుగానే సాగాయి. ఫిబ్రవరి 11న లూర్దుమాత పండుగకు సీమ కుటుంబాలు విజయవాడ గుణదల కొండకు చేరుతాయి. గురువు ఆర్లాటి 1924లో అక్కడ మరియమాత రూపం నిలిపినప్పటి నుంచి అది తెలుగువాళ్ళ పెద్ద తిరునాళ్ళ. ఆగస్టు 29న వేళాంగణిలో జెండా ఎక్కగానే ప్రయాణం దక్షిణానికి మళ్ళుతుంది. పలమనేరు, పుంగనూరు వైపు వాళ్ళు మొగిలి కనుమ దిగి, చిత్తూరు దాటి, తమిళ సీమలోకి సాగుతారు. సెప్టెంబరు 8న మాత పుట్టినరోజు దాకా పండుగ ఉంటుంది. తిరిగి వచ్చేటప్పుడు ఆడవాళ్ళ చేతిసంచిలో ఇరుగుపొరుగుకు పంచడానికి కొవ్వొత్తులు, ఆరోగ్యమాత నూనె సీసా, ఇంట్లో చిన్నపిల్ల కోసం కొత్త జపమాల ఉంటాయి.