కట్లపాము పేరుగల పడవ: ‘క్రెయిట్’ చరిత్రలో గోప్యత, మూల్యం

రెండవ ప్రపంచయుద్ధ కాలపు రహస్య నౌకాయాత్రలలో ‘క్రెయిట్’ అనే చిన్న పడవ సాగించిన యాత్ర సుప్రసిద్ధం. అయితే ఆ ప్రసిద్ధి సాహసగాథకే పరిమితం కావడంతో, దాని మూల్యం చెల్లించినవారు చరిత్రలో పక్కకు జరిగిపోయారు. ఈ రెండింటినీ కలిపి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పూర్వచరిత్ర

1934లో జపానులో నిర్మితమైన ఈ పడవ అసలు పేరు ‘కోఫుకు మారు’. పొడవు సుమారు 21 మీటర్లు. సింగపూరు కేంద్రంగా చేపల వ్యాపారంలో ఉండేది. 1941 డిసెంబరులో జపానుతో యుద్ధం మొదలుకాగానే బ్రిటిష్ అధికారులు దీనిని స్వాధీనం చేసుకున్నారు. 1942లో ఆస్ట్రేలియా నావికుడు బిల్ రేనాల్డ్స్, సుమత్రా తీరంలో మునిగిన ఓడల నుంచి బయటపడిన 1,100 మందికి పైగా బాధితులను ఈ పడవలో తరలించాడు. అనంతరం పడవను భారతదేశానికి చేర్చాడు. తరువాత పెట్టిన ‘క్రెయిట్’ అన్న పేరు హిందీ ‘కరైత్’ నుంచి ఇంగ్లీషులోకి వెళ్లినది. తెలుగులో అది కట్లపాము.

జేవిక్ దాడి

బ్రిటిష్ సైనికాధికారి ఇవాన్ లయన్ నాయకత్వంలో 14 మందితో క్రెయిట్ 1943 సెప్టెంబరు 2న పశ్చిమ ఆస్ట్రేలియాలోని ఎక్స్‌మౌత్ అఖాతం నుంచి బయలుదేరింది. జపాను జెండా ఎగురవేసి, ఒంటికి రంగు పూసుకొని, లుంగీలు కట్టుకొని వారు శత్రుజలాలలోకి ప్రవేశించారు. మనుషులది మారువేషమే కాని పడవది కాదు. అది నిజంగానే జపాను చేపల పడవ. సెప్టెంబరు 26 రాత్రి ఆరుగురు మూడు మడత దోనెలలో సింగపూరు రేవు చేరి, ఓడల అడుగుభాగాలకు అయస్కాంతంతో అంటుకునే లింపెట్ మైన్లను అమర్చారు. ఏడు ఓడలు మునిగాయని లేదా దెబ్బతిన్నాయని నాడు లెక్కగట్టారు. పడవ అక్టోబరు 19న క్షేమంగా తిరిగివచ్చింది.

చెల్లించిన మూల్యం

ఈ దాడి బయటివారి పని అని జపాను అధికారులు ఊహించలేకపోయారు. చాంగీ జైలులోని పౌర నిర్బంధితులే సమాచారం చేరవేశారని అనుమానించి, అక్టోబరు 10న కెంపెయితాయ్ సైనిక పోలీసులు అక్కడ సోదాలు జరిపారు. 57 మందిని పట్టుకొని హింసించగా 15 మంది మరణించారు. 1946 నాటి విచారణలో 21 మంది కెంపెయితాయ్ సభ్యులు ముద్దాయిలుగా నిలబడగా, ఎనిమిది మందికి మరణశిక్ష పడింది.

ఇక్కడ కాలక్రమం ముఖ్యం. సోదాలనాటికి క్రెయిట్ ఇంకా సముద్రంలోనే, శత్రుజలాలలోనే ఉంది. కనుక తొలి అరెస్టులను మిత్రపక్షాల మౌనానికి ముడిపెట్టడం సరికాదు. పడవ చేరుకున్న తరువాత కూడా, అదే పద్ధతిని మళ్లీ వాడుకోవాలన్న ఆలోచనతో, దాడి వివరాలను వెల్లడించలేదు. హింస సాగిన కాలంలో కొనసాగిన ఈ మౌనమే నైతికంగా ప్రశ్నించదగినది. ఆ గోప్యత తరువాతి యాత్రకూ రక్షణ కాలేదు. 1944లో క్రెయిట్ లేకుండా సాగిన ‘రిమావ్’ దాడిలో లయన్‌తో సహా 23 మందీ ప్రాణాలు కోల్పోయారు.

ముగింపు

యుద్ధానంతరం బోర్నియోలో కలప వ్యాపారంలో ఉన్న ఈ పడవ 1964లో ఆస్ట్రేలియా చేరింది. నేడు సిడ్నీలోని జాతీయ సముద్ర మ్యూజియంలో ఉంది. దాని సామాన్యమైన రూపమే నావికులను కాపాడింది. ఆ రూపం వల్లనే దాడి చేసినవారి జాడ తెలియక, అనుమానం నిర్బంధితుల మీదికి మళ్లింది. ఈ రెండు వాస్తవాలను కలిపి చెప్పినప్పుడే క్రెయిట్ చరిత్ర సమగ్రమవుతుంది.