బస్తర్ రాచరికం: శిలాశాసనం నుంచి రాష్ట్రపతి ఉత్తర్వు వరకు

పేటెంట్ అనే మాట నేడు నూతన ఆవిష్కరణలపై లభించే హక్కుకే పరిమితమైంది. దానికి మూలమైన ‘లెటర్స్ పేటెంట్’ అంటే అందరూ చదవదగిన బహిరంగ పత్రం. పదవిని, బిరుదును, భూమిని లేదా హక్కును ప్రసాదిస్తూ రాజ్యాధినేత ముద్రతో అది వెలువడేది. మన దేశంలో శాసనాలు, ఫర్మానాలు, సనదులు ఇదే ప్రయోజనాన్ని నెరవేర్చాయి. ప్రస్తుత ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ రాచరికం కథ ఇటువంటి అధికార పత్రాలతోనే ముడిపడి ఉంది.

బస్తర్ పాలకులు తమను ఓరుగల్లు కాకతీయుల వంశీయులుగా చెప్పుకున్నారు. ఇందుకు ముఖ్యమైన ఆధారం దంతేవాడలో దిక్పాలదేవుని కాలంలో, 1703లో వెలసిన శాసనం. సంస్కృతంలోను, హిందీలోను ఉన్న ఈ శాసనం ప్రకారం, ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమరాజు ఓరుగల్లును విడిచి బస్తర్‌లో రాజ్యం స్థాపించాడు. అయితే 1323లో ఓరుగల్లు పతనమైన తరువాత 380 ఏళ్లకు చెక్కించిన శాసనమిది. తమ అధికారానికి మూలమేమిటో ఇందులో రాజులే ప్రకటించుకున్నారు.

తరువాతి కాలంలో ఆ అధికారానికి పైవారి ఆమోదం అవసరమైంది. 1778లో కుదిరిన కోట్‌పాడ్ ఒప్పందంతో దర్యావ్‌దేవ్ నాగపూర్ మరాఠాల ఆధిపత్యాన్ని అంగీకరించాడు. 1853లో నాగపూర్ రాజ్యం బ్రిటిష్‌వారి వశం కావడంతో బస్తర్ కూడా వారి అధీనంలోకి వెళ్లింది. స్వాతంత్ర్యానంతరం, 1948 జనవరి 1న, విలీన ఒప్పందం ద్వారా భారతదేశంలోని సెంట్రల్ ప్రావిన్సెస్, బేరార్‌లో కలిసిపోయింది.

సంస్థానాలు అంతరించినా ‘పాలకుడు’ అనే హోదా మిగిలింది. రాజ్యాంగంలోని 366(22) అధికరణం ప్రకారం రాష్ట్రపతి గుర్తించిన వ్యక్తే పాలకుడు. రాజభరణం కూడా ఆ గుర్తింపుతోనే లభించేది. 1961 ఫిబ్రవరిలో రాష్ట్రపతి ఉత్తర్వుతో బస్తర్ మహారాజు ప్రవీర్ చంద్ర భంజ్‌దేవ్ ఆ గుర్తింపును కోల్పోయారు. అది ఆయన సోదరుడు విజయ్ చంద్రకు దక్కింది. ఆదివాసులలో అనేకులు ఈ మార్పును అంగీకరించలేదు. అదే ఏడాది మార్చి 31న లోహండీగూడలో ఆందోళనకారులపై పోలీసులు కాల్పులు జరపగా పలువురు మరణించారు. 1966 మార్చి 25న జగదల్‌పూర్ రాజప్రాసాదంలో జరిగిన పోలీసు కాల్పులలో ప్రవీర్ చంద్రతో పాటు పలువురు ఆదివాసులు ప్రాణాలు కోల్పోయారు.

1970 సెప్టెంబరులో, తెలుగువారైన నాటి రాష్ట్రపతి వి.వి.గిరి ఉత్తర్వులతో దేశంలోని పూర్వ సంస్థానాధీశులందరి గుర్తింపు రద్దయింది. ఆ ఉత్తర్వులు చెల్లవని అదే ఏడాది డిసెంబరు 15న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. రాష్ట్రపతి ముద్ర ఉన్న పత్రమైనా రాజ్యాంగ పరిధికి లోబడవలసిందేనని ఈ తీర్పుతో స్పష్టమైంది. అనంతరం 1971లో పార్లమెంటు 26వ రాజ్యాంగ సవరణ ద్వారా పాలకుల గుర్తింపును, రాజభరణాలను రద్దు చేసింది.

బస్తర్ రాజకుటుంబానికి నేడు చట్టపరమైన పాలక హోదా లేదు. అయినా ఏటా జరిగే బస్తర్ దసరాలో, దంతేశ్వరీ దేవి పూజలలో ఆ కుటుంబం సంప్రదాయానుసారం పాలుపంచుకుంటూనే ఉంది.