వైడూర్యము: పుట్టిన కొండ, పేరుపడిన ఊరు

కేతుగ్రహ శాంతికై వైడూర్యము ధరింపదలచి ఆలయమునకు వచ్చువారు సాధారణముగా రెండే ప్రశ్నలు వేయుదురు: ఏ వ్రేలికి, ఎన్ని క్యారెట్లు? ఆ పేరు ఎచ్చటిదని అడుగువారు అరుదు. వ్యాకరణశాస్త్రము మాత్రము ఆ ప్రశ్నను రెండువేల యేండ్లకు పూర్వమే వేసినది.

పాణిని అష్టాధ్యాయిలో (4.3.84) విదూర శబ్దముపై, అచ్చట నుండి ప్రభవించునదను అర్థమున ప్రత్యయమును విధించి వైదూర్య శబ్దమును సాధించెను. పతంజలి మహాభాష్యమున దీనిపై ఆక్షేపము లేవదీసెను. ఈ మణి పుట్టునది వాలవాయ పర్వతమున గదా! విదూరమున జరుగునది సంస్కారము, అనగా సానపట్టుట మాత్రమే. అట్లయిన ప్రభవార్థము ఎట్లు పొసగును? వాలవాయమునే వైయాకరణులు విదూరమని వ్యవహరింతురని ఒక సమాధానము. వర్తకులు వారణాసిని జిత్వరి యనుట అందులకు దృష్టాంతము. శాస్త్రమునకు ఆ సమాధానము చాలును. నాకు మాత్రము ఆక్షేపమే ముఖ్యముగా తోచును. గనికి దక్కవలసిన పేరు సానకు దక్కినది.

ఆ పదము చేసిన యాత్ర దీర్ఘమైనది. పాళిలో వేళురియ, గ్రీకున బేరుల్లోస్, ఆంగ్లమున బెరిల్. జర్మనులు కండ్లజోడును బ్రిల్లె యనుటయు ఈ మూలము నుండియే. ప్రాచీన వైడూర్యము బెరిల్ జాతి మణియని పలువురు పండితుల మతము. నేడు మనము ఆ పేర పిలుచునది పిల్లికన్ను. అది క్రిసోబెరిల్ అను వేరొక ఖనిజము. గ్రీకున దీనికి స్వర్ణబెరిల్ అని అర్థము. రత్నము మారినను నామము వదలలేదు.

ఈ క్రిసోబెరిల్ మన తూర్పు కనుమలలోనే లభించును. నర్సీపట్నము చేరువన గొలుగొండ మండలము కరక కొండలలో అనుమతి లేకయే దీనికై గోతులు త్రవ్వుచుందురు. మన్ను విరుచుకుపడినచో ఆ గోతియే సమాధి. పగటివెలుగున పచ్చగను, దీపకాంతిలో ఎఱ్ఱగను కనబడు దీని భేదము అలెగ్జాండ్రైట్. 1830ల దశకమున ఉరల్ పర్వతములలో దొరికిన ఆ రాతికి, పిమ్మట రష్యా చక్రవర్తియైన రెండవ అలెగ్జాండర్ పేరు పెట్టిరి. రత్నములు సానపట్టుటకు ప్రసిద్ధమైనది రాజస్థానపు జయపురము (అరకునకు పొరుగున, కొరాపుట్ జిల్లాలోనున్న జయపురము కాదు). త్రవ్వువాని నోట అది ఉత్త "రంగురాయి".

ఈ కొండలవారి పేరు ఒక్క శిలకు మాత్రము దక్కినది. 1902లో కలహండి ప్రాంత భూగర్భమును గూర్చి వ్రాసిన వాకర్ అను శాస్త్రజ్ఞుడు, కోందు గిరిజనుల పేరిట ఒక శిలకు ఖోండలైట్ అని నామకరణము చేసెను. అరకు కొండలలో విస్తారముగ నున్నది ఇదియే. కోందు అను పేరు సైతము 'కొండ' నుండి వచ్చినదని పలువురందురు. తమ భాషను వారు కువి యందురు. ఖోండలైట్ ఉంగరమున పొదుగదగినది కాదు. అందు ఎఱ్ఱని గార్నెట్ కణములు మెఱయును గాని, రత్నశాస్త్రములు దానిని లెక్కింపవు. కోణార్క సూర్యాలయమును దానితోనే కట్టిరి. సింహాద్రి అప్పన్న వెలసిన కొండయు అదియే.