కొట్టేటప్పుడు ధ్యాస ఎక్కడ? గోల్ఫ్ ప్రయోగాల నుంచి సూరత్ బల్లల దాకా

గోల్ఫ్ క్లబ్‌ను వెనక్కి ఎత్తడానికి ముప్పావు సెకను, దించి బంతిని తాకించడానికి పావు సెకను. చెయ్యి తిరిగిన ఆటగాళ్ల స్వింగ్‌ను వీడియోలో కొలిచినవాళ్లు చెప్పే అంకెలు అటూ ఇటూగా ఇవే. క్లబ్బూ బంతీ ఒకదానికొకటి ఆనుకుని ఉండేది అర మిల్లీసెకనుకు మించదు. కంటికి కనబడినదానికి చెయ్యి స్పందించడానికే దాదాపు 0.2 సెకన్లు కావాలి. కాబట్టి దిగడం మొదలుపెట్టిన క్లబ్‌ను మధ్యలో ఆలోచించి సరిదిద్దుకునే వ్యవధి ఎవరికీ పెద్దగా ఉండదు. అయినా నేర్పే పుస్తకాల నిండా సూచనలే: ఎడమ మోచెయ్యి వంచొద్దు, తల కదపొద్దు, తుంటి ముందు తిప్పాలి, మణికట్టును ఆలస్యంగా వదలాలి. ఆ ఒక్క సెకనులో వీటిలో దేన్ని తలలో పెట్టుకోవాలి? అసలు పెట్టుకోవాలా?

ముప్పై ఏళ్లుగా ఈ ప్రశ్న మీద ప్రయోగాలు జరుగుతున్నాయి. వాటిలో నాకు అన్నిటికంటే పనికొచ్చేదిగా తోచినది గోల్ఫ్ మైదానంలో జరగలేదు, టేబుల్ టెన్నిస్ బల్ల దగ్గర జరిగింది. సూరత్ ప్రస్తావన అందుకే. టేబుల్ టెన్నిస్ ఆటగాళ్లు హర్మీత్ దేశాయ్, మానవ్ ఠక్కర్‌లను ఇచ్చిన ఊరు అది. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత పురుషుల జట్టులో ఇద్దరూ ఉన్నారు, 2024 పారిస్ ఒలింపిక్స్ జట్టులోనూ ఉన్నారు. 2022 జాతీయ క్రీడల టేబుల్ టెన్నిస్ పోటీలు కూడా సూరత్‌లోనే జరిగాయి.

ముందు యంత్రం సంగతి. 1968లో కాక్రన్, స్టాబ్స్ అనే ఇద్దరు బ్రిటన్ రచయితలు గోల్ఫ్ స్వింగ్‌ను జంట లోలకంగా వివరించారు. చేతులు ఒక లోలకం, వాటి చివర వేలాడే క్లబ్ రెండోది, మధ్యలో మణికట్టు బందు. ఆ తర్వాత వచ్చిన కొలతలు దీనికి శరీరాన్ని కూడా జోడించాయి. దిగేటప్పుడు మొదట తుంటి, తర్వాత ఛాతీ, ఆ తర్వాత చేతులు, చివరికి క్లబ్ వేగం అందుకుంటాయి. ముందుది నెమ్మదిస్తుండగా వెనకది ఊపందుకుంటుంది. ఈ వరసపై పరిశోధకుల మధ్య పెద్ద పేచీ లేదు.

పేచీ అంతా వివరాల్లోనే. 1992లో జిమ్ మెక్‌లీన్ అనే శిక్షకుడు ఒక గోల్ఫ్ పత్రికలో, భుజాలు తిరిగిన కోణానికీ తుంటి తిరిగిన కోణానికీ మధ్య తేడా ఎంత ఎక్కువైతే బంతి అంత దూరం పోతుందని రాశాడు. దానికి ఎక్స్-ఫ్యాక్టర్ అని పేరు పడింది, ఊరూరా పాకింది. 2001లో ఫిల్ చీథమ్ బృందం గొప్ప ఆటగాళ్లనూ మామూలు ఆటగాళ్లనూ పక్కపక్కన పెట్టి కొలిస్తే, క్లబ్ పైకెత్తిన చివరి క్షణంలో ఆ కోణంలో తేడా గట్టిగా తేలలేదు. తేడా కనబడింది దిగడం మొదలైన తొలి ఘడియలో. నిపుణుల తుంటి ముందుగా కదిలి కోణాన్ని ఇంకాస్త సాగదీస్తోంది. ఆ ప్రయోగంలో ఉన్నది రెండు గుంపులూ కలిపి 20 మందికి లోపే. అంటే పదేళ్లు అందరూ నడుం మెలితిప్పుకున్న సూత్రాన్ని సవరించిన అధ్యయనం కూడా చిన్నదే. రెండిటినీ ఆ మేరకే నమ్మాలి.

బంతి బయలుదేరే దిక్కు విషయంలోనూ ఇలాంటిదే జరిగింది. క్లబ్ వచ్చే దారే దాన్ని నిర్ణయిస్తుందని దశాబ్దాల పాటు బోధించారు. రాడార్ కొలతలు శిక్షకుల చేతికి వచ్చాక, తాకిన క్షణాన క్లబ్ ముఖం ఎటు చూస్తోందన్నదే ఎక్కువ భాగం తేలుస్తుందని స్థిరపడింది. కానీ తప్పు సిద్ధాంతం నేర్చుకున్న తరాల్లోనూ మహా ఆటగాళ్లు పుట్టారు, టైటిళ్లు గెలిచారు. ఆటగాడి మనసులో ఉన్న మాట భౌతికశాస్త్రం ప్రకారం నిజం కానక్కర్లేదన్నమాట. కొట్టించగలిగితే చాలు.

ఒకే ఒక్క ఆదర్శ స్వింగ్ ఉందన్న వాదానికి అడ్డు తగిలే తెలుగు పేరు సాహిత్ తీగల. హైదరాబాద్ నుంచి వెళ్లిన తల్లిదండ్రులకు 1997లో కాలిఫోర్నియాలో పుట్టాడు. వెన్నెముక వంకరగా ఉండే స్కోలియోసిస్ ఉంది, ఆ సంగతి అతనే చెబుతాడు. స్వింగ్ పుస్తకంలో బొమ్మలా ఉండదు. అయినా 2020లో అమెరికా కళాశాల గోల్ఫ్‌లో హాస్కిన్స్, హోగన్, నిక్లాస్ పురస్కారాలు మూడూ అతనికే దక్కాయి. 2023 సెప్టెంబరులో నాపాలో ఫోర్టినెట్ ఛాంపియన్‌షిప్‌ను 21 అండర్ పార్‌తో గెలిచాడు. ఒక్క మనిషి ఉదాహరణతో ఏదీ రుజువు కాదు. కానీ ‘ఇలా తప్ప ఇంకోలా కుదరదు’ అనే మాటను కొట్టేయడానికి ఒక్కడు సరిపోతాడు.

ఇక ధ్యాస. 1999లో గాబ్రియేల్ వుల్ఫ్ బృందం గోల్ఫ్ ఎరగని వాళ్లకు 15 మీటర్ల దూరంలో గురి పెట్టి చిన్న షాట్లు నేర్పింది. సగం మందిని చేతుల ఊపు మీద, సగం మందిని క్లబ్ ఊపు మీద ధ్యాస పెట్టమన్నారు. క్లబ్ మీద పెట్టినవాళ్లే మెరుగు, సూచనలేవీ లేని మర్నాటి పరీక్షలోనూ. 2003లో పెర్కిన్స్-సెకాటో బృందం చేసిన ప్రయోగంలో ఫలితం చీలింది. ఆరితేరినవాళ్లకు గురి మీది ధ్యాస పనికొచ్చింది, తక్కువ స్థాయివాళ్లకు స్వింగ్ మీది ధ్యాసే నయమనిపించింది. వుల్ఫ్ వర్గం దీన్ని ఒప్పుకోలేదు, సూచనల్లో తికమక ఉందంది.

ఒత్తిడి సంగతి వేరు. 1992లో రిచ్ మాస్టర్స్ కొత్తవాళ్ల చేత 400 పుట్‌లు, అంటే బంతిని గుంతలోకి దొర్లించే చిన్న షాట్లు, వేయించాడు. ఒక గుంపు సూచనలు చదువుకుని వేసింది. ఇంకో గుంపు ఏ సూచనా లేకుండా, నోటితో అడ్డదిడ్డంగా అక్షరాలు పలుకుతూ వేసింది. చివర డబ్బు ఆశా, బేరీజు వేస్తారన్న భయమూ పెట్టి పరీక్షిస్తే రెండో గుంపు మెరుగుపడుతూనే పోయింది, మొదటిది అక్కడే ఆగింది. పరీక్ష రోజున రెండో గుంపుకు అక్షరాల బరువు తీసేశారు, అందుకే తేలిగ్గా ఆడారేమో అన్న అనుమానం న్యాయమైనదే. ఆ లోటు సరిచేసి 1996లో హార్డీ బృందం మళ్లీ చేస్తే ఫలితం అటే మొగ్గింది. అయితే ఒక మాట జనం మరిచిపోతారు. సూచనలు లేకుండా నేర్చినవాళ్లు మాస్టర్స్ ప్రయోగంలో మొత్తం మీద తక్కువ పుట్‌లనే గుంతలో వేయగలిగారు. అసలేమీ చెప్పకుండా వదిలేయడం మంచి శిక్షణ అని దీన్నుంచి తేల్చలేం.

చెప్పాలి, తక్కువ చెప్పాలి. ఎలా? 2001లో లియావో, మాస్టర్స్ టేబుల్ టెన్నిస్ టాప్‌స్పిన్ ఫోర్‌హ్యాండ్ తీసుకున్నారు. ఈ షాట్‌ను దగ్గరగా చూస్తే గోల్ఫ్ స్వింగ్‌కు తమ్ముడే. బ్యాటు తొడ పక్కన కిందుగా మొదలవుతుంది, ముఖం కాస్త బోర్లించి ఉంటుంది. కుడికాలి మీది బరువు తుంటి గుండా ఎడమకు మారుతుండగా, మోచెయ్యి ముడుచుకుంటూ, 2.7 గ్రాముల బంతిని కిందినుంచి పైకి, ముందుకు రాస్తూ పోతుంది. ఒక గుంపుకు దీన్ని అంశాలవారీగా సూచనల జాబితాగా ఇచ్చారు. ఇంకో గుంపుకు ఒకే మాట: లంబకోణ త్రిభుజం ఊహించుకుని, బ్యాటును దాని కర్ణం వెంబడి పైకి తీసుకెళ్తూ కొట్టు. రెండో గుంపు కూడా షాట్ నేర్చుకుంది. పైగా ఆడుతూనే అంకెలు వెనక్కి లెక్కపెట్టమన్నప్పుడు జాబితా గుంపు తడబడింది, ఈ గుంపు నిలబడింది.

సూరత్‌కు నేరుగా తగిలే ముక్క ఆ తర్వాతిది. హాంకాంగ్‌లో కాంటనీస్ మాట్లాడే కొత్తవాళ్లకు త్రిభుజం మాట పట్టు ఇవ్వలేదు. పూల్టన్, మాస్టర్స్, మాక్స్‌వెల్ 2007లో ప్రచురించిన పనిలో దాన్ని ‘కొండవాలు వెంబడి బ్యాటు పైకెక్కుతున్నట్టు’ అని మార్చి, ఆ ఉపమానాన్నే పరీక్షించారు. అది పనిచేసింది.

సూరత్‌లో లింబాయత్, ఉధ్నా వైపు మరమగ్గాల పనికి తెలంగాణ నుంచి వచ్చి స్థిరపడ్డ పద్మశాలి కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. నగరపాలక సంస్థ బడుల్లో తెలుగు మాధ్యమం కూడా ఉంది. అలాంటి ఇంటి పిల్ల బల్ల దగ్గరికి వెళితే కోచ్ చెప్పేది గుజరాతీలోనో హిందీలోనో. కర్ణం అంటే ఏమిటో బడిలో ఇంకా చెప్పని వయసు. ఆ పిల్లకు ఏ ఉపమానం ఇవ్వాలి? మగ్గం నుంచి ఏదో ఒకటి తీసి ఇక్కడ అతికించడం వ్యాసకర్తకు తేలిక. వినడానికి బాగున్నదల్లా చేతిని సరిగ్గా కదిలించదు కాబట్టి ఆ పని చేయను. హాంకాంగ్‌వాళ్లు కూడా కొండను ఊహించి ఊరుకోలేదు, బల్ల మీద పరీక్షించారు.

ధ్యాస గురించిన పరిశోధన మీద ఇటీవల ఒక చల్లటి నీళ్ల కుండ పడింది. 2021లో చువా, వుల్ఫ్ తదితరులు అధ్యయనాలన్నిటినీ కూడి, బయటి ధ్యాస (ఒంటి మీద కాక క్లబ్, గురి లాంటివాటి మీద పెట్టేది) వయసుతోనూ నైపుణ్యంతోనూ నిమిత్తం లేకుండా మేలని ప్రకటించారు. 2024లో అదే సైకలాజికల్ బులెటిన్ పత్రికలో బ్రాడ్ మెకే బృందం ఆ అధ్యయనాలను వేరే గణాంక పద్ధతిలో చూసింది. అనుకూల ఫలితాలే అచ్చుకెక్కే మొగ్గును లెక్కలోంచి తీసేస్తే, ఆ మేలు చాలావరకు కరిగిపోతుందని, ఉందని గట్టిగా చెప్పే ఆధారం లేదని తేల్చింది. నా అంచనాలో వాదం ఇంకా ముగియలేదు. ‘చేతిని మరిచి క్లబ్‌ను తలుచుకో’ అనే మాటను సూత్రంగా అమ్మేవాళ్లను మాత్రం ఇకపై రుజువు అడగవచ్చు.

ఆటగాడికి దీన్నుంచి మిగిలేది కొంచెమే. ఒకటే మాట, పొట్టిది, వీలైతే క్లబ్ గురించో గురి గురించో. దాంతో మేలు ఎంతన్నది సందేహమే, హాని జరుగుతుందని చూపించిన ఆధారం మాత్రం బలహీనం. తుంటి, ఛాతీ, కోణాల లెక్కలు కోచ్ దగ్గర ఉండాలి, సాధన రోజుల్లో వాడుకోవాలి.

సూరత్ కోచ్‌కు మాత్రం ఇంతకంటే పెద్ద పని ఉంది, ఖర్చు లేనిది. కొత్తగా చేరిన పిల్లల్లో చీట్లు తీసి సగం మందికి అంశాలవారీ సూచనలు, సగం మందికి వాళ్ల ఇంటి భాషలో ఒకే ఉపమానం ఇవ్వాలి. అందరికీ బంతులు సమానంగా వేయాలి. వారం తర్వాత ఏ సూచనా గుర్తు చేయకుండా, ఒకసారి మామూలుగా, ఒకసారి పాయింట్లు పందెం పెట్టి, బల్ల మీద గీసిన గడిలో ఎన్ని పడ్డాయో లెక్కపెట్టాలి. లెక్కపెట్టేవాళ్లకు ఏ పిల్ల ఏ గుంపో తెలియకూడదు. తేడా రాకపోతే ఆ సంగతి కూడా రాసి పెట్టాలి.