ఆర్ట్స్ కాలేజీ: రాతిలో కుదిరిన రాజీ

ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ ప్రస్తావన వస్తే బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్ పేరే ముందుగా వినిపిస్తుంది. ఆయనను ఈ పనిలోకి తెచ్చిన నవాబ్ జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజాల పేర్లు అంతగా వినిపించవు.

1918లో ప్రారంభమైన విశ్వవిద్యాలయానికి అడిక్‌మెట్‌లో శాశ్వత ప్రాంగణం నిర్మించదలచి, నిజాం ప్రభుత్వం వీరిద్దరినీ దేశదేశాల విశ్వవిద్యాలయాలు చూసి రమ్మని పంపింది. ఈజిప్టులో వారికి జాస్పర్ పరిచయమయ్యాడు. కైరో శివారున హీలియోపొలిస్‌లో అరబ్బు శైలిని ఆధునిక కట్టడాలకు మలిచిన అనుభవం ఆయనది. ఆ శైలిని యథాతథంగా తెచ్చి ఇక్కడ నిలబెడితే దక్కనుకు అది పరాయిదే అయ్యేది. అజంతా, ఎల్లోరా రెండూ అప్పటికి నిజాం రాజ్యంలోనివే కదా! జాస్పర్ ఈ దేశపు కట్టడాలను పరిశీలించాడు; స్థానిక శిల్పుల పరిజ్ఞానం, విదేశీ నిపుణుని అనుభవం ఒకదానినొకటి సవరించుకున్నాయి.

నక్షా గీసేవాడూ గోడ కట్టేవాడూ ఒక్కరే అయిన చోట ఇంత సంప్రదింపు అక్కరలేదు. అరేబియాలో హాయిల్ పట్టణపు కిష్లా కోట 1940ల తొలినాళ్ళలో మట్టి ఇటుకలతో లేచింది. ఆ నజ్ద్ ప్రాంతపు మట్టి కట్టడాలలో 'ఉస్తాద్' అనే పెద్దమేస్త్రీ మాటే నక్షా. హైదరాబాదులో ఊహ ఒకరిది, అధికారం మరొకరిది, పర్యవేక్షణ వేరొకరిది. ప్రతి అంశమూ కాగితం మీద ఒప్పుదలకు రావలసిందే.

రాజీ అంటే ఇరుపక్షాలూ పలుచబడటమనే అభిప్రాయం మనలో బలంగా ఉంది. ఈ భవనం అందుకు సాక్ష్యమివ్వదు. గుహాలయాలను తలపించే స్తంభాలు స్తంభాలుగానే, ముఖద్వారపు ఎత్తైన ఇస్లామీయ కమాను కమానుగానే నిలిచాయి. గులాబీ ఛాయ గ్రానైటు రెంటినీ కలిపింది.

అయితే ఆ ఔదార్యం తరగతి గదిలోకి రాలేదు. రాజ్యంలో అత్యధికులు తెలుగువారు. ఉన్నత విద్యకు బోధనాభాష మాత్రం ఉర్దూ. 1934 జూలై 5న శంకుస్థాపన జరిగింది. గోడలు లేస్తుండగానే, 1938లో హాస్టళ్ళలో వందేమాతరం పాడినందుకు విద్యార్థులను బహిష్కరించారు. పలువురు నాగపూరు విశ్వవిద్యాలయంలో చేరి చదువు కొనసాగించారు. మరుసటి ఏడు డిసెంబరు 4న మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ భవనాన్ని ప్రారంభించేనాటికి వారు అక్కడే ఉన్నారు.