రాణిగారి భవనము ప్రజల భవనమైన విధము



బెజవాడ వెళ్లినప్పుడు మీలో అనేకులు బందరు రోడ్డున నడచియుందురు. ఆ ప్రక్కనున్న పాత భవనములోనికి ఎన్నడైన ప్రవేశించితిరా? విక్టోరియా రాణి ఏలుబడికి 50 ఏండ్లు నిండిన జ్ఞాపకార్థమై 1887 జూన్ 27న దానికి పునాదిరాయి వేసిరి. వేసినవారు రాబర్టు సూయల్ దొరగారు. మొదట అది చేతిపనుల ప్రదర్శనశాలగా నుండెను.

పాత రాళ్ల సంగతి ఆ దొరగారికి క్రొత్తది కాదు. పదేండ్లు ముందు, 1877లో, అమరావతి దిబ్బను త్రవ్వించినది ఆయనే. ఆ స్తూపపు రాళ్లకు పట్టిన గతి వినుడి. కొన్ని క్రొత్త కట్టడములలో కలిసిపోయెను. కొన్నిటిని సున్నమునకై కాల్చివేసిరి. మిగిలినవాటిలో శ్రేష్ఠమైనవి అనేకము మదరాసునకును లండనునకును తరలిపోయెను. వాటి విలువ నెరిగి కాపాడు ఇల్లు మన చెంత లేకపోయెను.

కాలము మారెను. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో అఖిల భారత కాంగ్రెసు కమిటీ బెజవాడలో కూడెను. ఆ దినములలో పింగళి వెంకయ్యగారు తాము గీసిన జెండా నమూనాను గాంధీగారి చేతికిచ్చినది ఈ ఆవరణలోనే యని బెజవాడ పెద్దలు చెప్పుదురు. రాణిగారి కీర్తికై కట్టినచోట ప్రజల జెండా కనబడుట ఎంత వింత!

స్వరాజ్యము వచ్చిన తరువాత ఆ భవనమును పడగొట్టలేదు. 1962లో పురావస్తుశాఖవారు దానిని మ్యూజియముగా మార్చిరి. అల్లూరు గ్రామమున దొరకిన తెల్లని సున్నపురాతి బుద్ధవిగ్రహము అక్కడ నిలిచియున్నది. అది మదరాసు పోలేదు, లండను పోలేదు. మరమ్మతుల తరువాత 2020 అక్టోబరులో ఆ భవనమును మరల తెరచిరి. నేడది బాపూ మ్యూజియము.

గోడలు అవే, పని మారెను. పరాయివారు కట్టినదని కూల్చుట సులభము. దానిని మనవారి మేలుకొరకు వాడుకొనుటకు ఓర్పు కావలెను.

అయితే మ్యూజియమునకు వస్తువులు చేరుట పల్లెవారి చేతిలోనే యున్నది. నాగలికి విగ్రహమో, వ్రాతరాయో, నాణెముల కుండో తగిలినయెడల ఏమి చేయుదురు? పగులగొట్టకుడి, అమ్ముకొనకుడి. భూమిలో దొరకిన నిక్షేపమును గూర్చి కలెక్టరుగారికి తెలుపవలెనని 1878 నాటి చట్టమే విధించుచున్నది. మీరు వెళ్లి తహసీలుదారుగారికి చెప్పినను ఆ కబురు పైకి చేరును.

ఈసారి బెజవాడ పోవునప్పుడు మీ పిల్లలను వెంటబెట్టుకొని ఆ గుమ్మము దాటుడి. సున్నపుబట్టీ పాలుగాక మిగిలినదేదో వారు తమ కన్నులార చూతురుగాక.